వట్టిచేతుల బాటసారి: వేంగినుండి ఏలూరు దాక

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ మాటలోని సత్యము తెలియవలెనన్నచో మండువేసవిలో, మిట్టమధ్యాహ్నమున, ఏలూరు వీథులలో ఒక గడియసేపు నడచిన చాలును. పడమటినుండి వడగాలి వీచును. తమ్మిలేటి యిసుక నిప్పులవలె కాలును. ఇల్లు గలవాడు తలుపు మూసికొనును. బంధువులు గలవాడు వారి యింటికి చేరును. ఇల్లును బంధువులును లేక, చేత రొక్కమును లేక, ఊరికి క్రొత్తగా వచ్చినవాడు ఆ వేళ ఎక్కడ నిలుచును? ఎవరిచేతి నీరు త్రాగును? రాత్రి ఎచ్చట తల వాల్చును?

ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చును. కాని వీనికి ఇంచుమించు రెండువేల యేండ్ల చరిత్ర కలదు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేరు అను ఈ మూడింటి నడుమనున్న నేలమీదుగా రాజులు సేనలతో నడచిరి. వారి కథలు శాసనములలో నున్నవి. బాటసారులును నడచిరి, వారికి శాసనములు లేవు. ఐనను వారికొఱకు ఈ దేశము తొలిచిన గుహలు, కట్టిన సత్రములు, నడపిన పడవలు కలవు. వానిని వరుసగా చూచినచో, డబ్బు లేని మనుజుని ఏ కాలము ఎట్లాదరించెనో, ఎవరిని వాకిటనే నిలిపివేసెనో తెలియగలదు.

మొదట ఒక సంగతి గమనింపవలెను. మన ప్రాంతమున దూరప్రయాణములకును వేసవికిని విడదీయరాని చుట్టరికము కలదు. ఈ డెల్టాలోని నల్లరేగడి నేల వాన పడినంతనే బురదయగును; బండిచక్రము ఇరుసుదాక దిగబడును; ఏళ్ళు పొంగును. కోతలు ముగిసి, ధాన్యము ఇల్లు చేరి, నేల గట్టిపడిన పిమ్మట కాని సామాన్యునికి తీరికయు లేదు, త్రోవయు లేదు. బౌద్ధభిక్షువులు సైతము వర్షర్తువున ఒకచోట నిలిచి, తక్కిన కాలములలోనే సంచరింపవలెనని వారి నియమము. కాశీయాత్రచరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి బయలుదేరినది 1830 మే 18వ తేదీన. త్రోవ తెఱచియుండు కాలమే యెండ మండు కాలము. అందుచేత ఈ దేశమున ఆతిథ్యమనగా మొదట నీరు, పిదప నీడ, ఆ పిదపనే అన్నము.

ఏలూరికి ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున పెదవేగి యున్నది. నేడది పల్లెటూరు. ఒకనాడది వేంగీనగరము, శాలంకాయనుల రాజధాని. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున అతడు దక్షిణమున జయించిన రాజుల వరుసలో వేంగి హస్తివర్మ పేరు కలదు. ఏడవ శతాబ్దమున చాళుక్య రెండవ పులకేశి సేనలు ఈ దేశమునకు దిగినవి. క్రీ. శ. 634 నాటి ఐహొళె శాసనము పిష్ఠపురదుర్గము కూలినదనియు, కునాలజలములు నెత్తుట కలిసి రంగు మాఱినవనియు చెప్పుచున్నది. ఆ కునాలమే మన కొల్లేరని చరిత్రకారులు పలుకుదురు.

ఆ యుద్ధము జరిగిన కొలది సంవత్సరములకే, సుమారు 639–640 ప్రాంతమున, ఆ త్రోవనే మఱియొక క్రొత్తవాడు వచ్చెను. ఆతని వెంట ఏనుగులు లేవు. భిక్షాపాత్రయు, గ్రంథములమీది యాకలియు ఉండెను. ఆతడే చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగు. దక్షిణకోసలమునుండి అడవులు దాటి ఆతడు ఆంధ్రదేశము ప్రవేశించెను. దాని రాజధానిని ఆతడు తన భాషలో వ్రాసిన పేరు వేంగీపురమని పండితుల నిర్ణయము.

ఆతడు మనలను గూర్చి వ్రాసినది స్వల్పము, కాని విలువైనది. నేల సారవంతము, వాతావరణము ఉష్ణము, జనులు తీవ్రస్వభావులు, ఉద్రేకవంతులు. వారి మాట మధ్యదేశపు మాటకంటె వేఱు. లిపి మాత్రము ఇంచుమించుగా అదియే. రాజధాని చుట్టుకొలత 20 లీలు, అనగా ఆఱేడు మైళ్ళు. ఇరువదికి పైగా సంఘారామములు. వానియందు మూడువేలమంది భిక్షువులు. దేవాలయములు ముప్పదికి పైగా. నగరమునకు చేరువలో అంతస్తులు గల గొప్ప విహారము. నైరృతిదిశగా 20 లీల దూరమున ఒంటికొండ, దానిపై రాతిస్తూపము, అచ్చటనే దిఙ్నాగాచార్యుడు హేతువిద్యాశాస్త్రము రచించెనట.

శ్రోతలు ఒక విషయము చిత్తగింపవలెను. రాజెవరో ఆతడు చెప్పలేదు. గెలిచినదెవరో, ఓడినదెవరో చెప్పలేదు. ఎండ యెట్లున్నదో, మనుష్యులు ఎట్టివారో, వారి పలుకు ఎట్లుండునో, తనవంటివాడు తలదాచుకొనుటకు చోట్లు ఎన్నియున్నవో చెప్పెను. కాలినడకను వచ్చినవానికి కనబడు చరిత్ర ఇదియే.

విహారమున బాటసారికి ఎట్టి యాదరము దొరకెడిది? హ్యూయన్ త్సాంగుకు రెండువందల యేండ్లకు పూర్వము మన దేశమున సంచరించిన ఫాహియాను దీనిని వివరించెను. పరభిక్షువు వాకిట కనబడినంతనే అచ్చటి పెద్దలు ఎదురేగి, ఆతని వస్త్రములను పాత్రను తాము అందుకొందురు. కాళ్ళకు నీళ్ళును పూసికొనుటకు నూనెయు నిత్తురు. భోజనవేళ దాటియున్నను త్రాగదగిన పానీయ మిత్తురు. ఆతడు కొంతసేపు విశ్రమించిన పిమ్మటనే, సన్న్యసించి యెన్ని యేండ్లైనదని యడిగి, దానినిబట్టి గదియు పడకయు చూపుదురు. ఆతడు చెప్పినది మధ్యదేశపు సంగతి; కాని భిక్షునియమములు అంతటను ఒక్కటియే. ప్రశ్నలకు ముందు నీళ్ళు! ఎండబడి వచ్చినవానికి ఇంతకంటె మర్యాద యేమున్నది?

అట్టి చోటు ఎట్లుండెనో కన్నులార చూడవలెనన్నచో, ఏలూరినుండి కామవరపుకోట మీదుగా గుంటుపల్లి కొండలకు పోవలెను. క్రీస్తునకు పూర్వమే ఆ కొండలలో ఇసుకరాతిని తొలిచి భిక్షువులకు గదులు చేసిరి. వానిలో గుండ్రని చైత్యగుహ యొకటి కలదు. దాని కప్పును తల యెత్తి చూచినచో శిల్పి రాతిలో వాసములను, పట్టెలను చెక్కియుండుట కానవచ్చును. రాతికి వాసములతో పని లేదు. కాని ఆ శిల్పి మనసులో నున్నది పూరికప్పు గల గుండ్రని గుడిసె. మన కోస్తాలో గాలివానలకు నిలుచు చుట్టిండ్లను చూచినవారికి ఈ కప్పు పరిచితముగానే తోచును. పేదవాని యింటి రూపమే పూజాస్థానమైనది. ఆ గుహలోని స్తూపమును ఈనాడు పరిసర గ్రామస్థులు ధర్మలింగేశ్వరుడని కొలుచుచున్నారు. మతము మాఱినది; నీడ మాఱలేదు.

బౌద్ధము క్షీణించిన పిమ్మట బాటసారి భారము గృహస్థులపైనను, దాతలపైనను పడినది. ప్రపాదానమని, అనగా చలిపందిరి పెట్టి బాటసారులకు నీరిచ్చుట యని, ధర్మశాస్త్రములు పుణ్యములలో లెక్కించినవి. వేసవి తలుపు తట్టగనే కూడలిలో తాటాకు పందిరి, ఇసుకలో పాతిన క్రొత్త కుండలు, వట్టివేళ్ళు వేసిన నీరు, కొన్నిచోట్ల మజ్జిగ; ఇది మన తెలుగు ఊళ్ళ ఋతుధర్మము. రాజబాటలపై మజిలీ మజిలీకి సత్రములు, నూతులు, చింతతోపులు వెలసినవి.

ఏలూరు ఇట్టి మజిలీలలో పెద్దది. బందరు రేవునకును లోపలిదేశమునకును మధ్యనుండుటచే పరదేశీయులు ఎందఱో ఇటు వచ్చిరి. వారిలో కొందఱు ఇచ్చటనే నిలిచిపోయిరి. 1679లో చెన్నపట్టణపు ఆంగ్లేయ గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టరు ఈ ప్రాంతము చూడవచ్చినపుడు, ఇచ్చటి తివాచీలు నేయువారు నూఱేండ్లకు పైబడి వెనుక పారసీకమునుండి వచ్చినవారి సంతతియని విని తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ తివాచీలు 1851లో లండనునగరపు మహాప్రదర్శనమునకు పోయినవి. ఎక్కడనుండియో వచ్చిన బాటసారులకు నిలువనీడ యిచ్చిన ఊరికి ఆ బాటసారులే పేరు తెచ్చిరి.

మాస్టరువంటి అధికారికి పరివారము కలదు. వీరాస్వామయ్యగారు కూడ పల్లకీతో, పరిజనముతో యాత్ర చేసినవారే. వారికి సత్రము ఒక సౌకర్యము. వట్టిచేతులవానికి అది ప్రాణాధారము. అట్టి సత్రముల మాన్యములు కాలక్రమమున కొందఱి సొంత ఆస్తులుగా మాఱుచుండుటచే, వానిని రెవెన్యూబోర్డు పర్యవేక్షణకు తెచ్చుచు మద్రాసు ప్రభుత్వము 1817లో 7వ రెగ్యులేషను చేసెను. దాత యుద్దేశించినది యొకటి, జరుగుచున్నది మఱియొకటి యని ఆ చట్టమే ఒప్పుకొన్నది.

ఇచ్చట మనము దాచరాని నిజము మఱియొకటి యున్నది. ఈ యాతిథ్యము అందఱికిని ఒక్కరీతిగా దొరకలేదు. పెక్కుసత్రములలో అన్నము ఒక కులమునకే. చలిపందిరివద్ద సైతము కొందఱికి ముంత చేతికిచ్చిరి. కొందఱికి దూరమునుండి దోసిలిలో పోసిరి. కొందఱిని ఆ దరికే రానీయలేదు. దప్పికకు కులము లేదు, కుండకు కలిగినది. విహారపు వాకిట అడిగినది సన్న్యసించి యెన్ని యేండ్లని. సత్రపు వాకిట అడిగినది నీదే కులమని. సత్రములను పొగడువారు ఈ భేదమును మఱువరాదు.

ఈ లోపమున్న కాలముననే దానిని దాటిన చేతులును ఉండెను. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909లో గతించిన ఆ యిల్లాలు, నదిపాయలు దాటి వచ్చిన బాటసారికి వేళాపాళా చూడక అన్నము పెట్టెను. ఆమె రాణి కాదు, జమీందారిణి కాదు. ఆమె యింటి పొయ్యియే ఆమె కీర్తి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ఆమె పేరు పెట్టినది.

బాటసారులందఱును పుణ్యమునకు నడచినవారు కారు. 1832–33లో నందననామ సంవత్సరపు కఱవు వచ్చినపుడు గుంటూరు, బందరు సీమలనుండి జనము ఆకలిచే కుటుంబములతో సహా దారిపట్టిరి. వేలకొలది జనము త్రోవలలోనే పడిపోయిరి. అంత పెద్ద ఆకలికి సత్రములును చలిపందిళ్ళును ఏమూల? దానము చేయుచేయి చాలనిచోట ప్రభుత్వపు చేయి కావలెనని ఆ కఱవు నేర్పినది. ఆ పిదపనే ఆర్థరు కాటను దొర పర్యవేక్షణమున ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది.

ఈ ఆనకట్టలు పైరుకు నీరిచ్చినవని అందఱికిని తెలియును. పేదబాటసారికి అవి చేసిన మేలు అంతగా తలపబడుట లేదు. విజ్జేశ్వరమువద్ద గోదావరిని విడిచిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరును. బెజవాడవద్ద కృష్ణను విడిచిన కాలువ ఎదురువచ్చి ఆ యేలూరనే దానిని కలియును. అటుపై కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువలతో కలిసి, కాకినాడనుండి చెన్నపట్టణము దాక నీటిబాట యొకటి యేర్పడినది. నీటిపై రవాణా రైలుకంటె చౌకయని కాటను జీవితాంతము వాదించెను. గాలి యున్నపుడు తెరచాప యెత్తి, లేనపుడు గట్టుమీదినుండి త్రాటితో లాగుచు, లాకు లాకుకు ఆగుచు పడవ సాగెడిది. అది మెల్లని ప్రయాణము, కాని చౌక. రాత్రి చల్లగాలిలో బియ్యపుబస్తాలమీద పడుకొని తెల్లవాఱుసరికి ఏలూరు చేరినవానికి ఎండ బాధయు లేదు, సత్రపు వెదకులాటయు లేదు. లాగువారికి మాత్రము ఆ సుఖము లేదు. ఒకరి చౌకప్రయాణము మఱియొకరి భుజములపై నడచినది.

కాలువలకు దక్షిణమున కొల్లేటిలో తాటిమ్రాను తొలిచిన దోనెయే బండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చును, నడుమ లంకగ్రామములు. ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు జనము దోనెలపై చేరుట తరతరముల యాచారము.

1893–1896 సంవత్సరముల నడుమ బెజవాడనుండి కటకము దాక రైలుదారి పడినది. ఏలూరును తాడేపల్లిగూడెమును దానిపై స్టేషనులైనవి. బెజవాడకు కాలువలో ఒక రాత్రి పట్టు ప్రయాణము గంటలలోనికి వచ్చినది. మూడవతరగతి పెట్టెలో చెక్కబల్లలు, ఇరుకు, ఉక్కపోత. కాని టిక్కెట్టు కొన్నవాని కులమేమని బల్ల యడుగలేదు. పక్కన కూర్చున్నవాడెవడో తెలియకనే జనము కలిసి ప్రయాణము చేయుట నేర్చిరి. స్టేషనులలో మాత్రము నీళ్ళకుండలును భోజనశాలలును చాలకాలము వేఱువేఱుగనే యుండెను. ఊరిలో పూటకూళ్ళ యిండ్లు వెలసినవి. అణాలిచ్చి అన్నము తినవచ్చును. గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర యగుటయే ఆ వృత్తి ఎంత సామాన్యమైనదో చెప్పుచున్నది.

1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజనయాత్రగా ఆంధ్రతీరమున సంచరించి, నూతులను గుడులను అందఱికి తెఱువుడని వేడెను. 1950లో వచ్చిన రాజ్యాంగము, 15వ అధికరణమున, బావులు, చెఱువులు, స్నానఘట్టములు, త్రోవలు, భోజనశాలలు ఎవరికిని కులమునుబట్టి నిషేధింపరాదని శాసించినది. 1955లో అంటరానితనపు నేరముల చట్టము ధర్మశాలలలోని పాత్రలను సైతము పేర్కొని, అడ్డగించినవారికి శిక్ష విధించినది. సముద్రగుప్త, పులకేశులు గెలిచిన యుద్ధములకంటె వట్టిచేతుల బాటసారికి ఇది పెద్దగెలుపు. కుండ తిరిగి దప్పికగొన్నవాని సొత్తైనది.

పిమ్మట కాలము మఱికొన్ని మార్పులు తెచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెమున విమానములకై వేసిన బాట యుద్ధముతో పని తీఱి మిగిలిపోయినది. పడవలు తగ్గి లారీలు పెరిగినవి. కాలువను 2008లో జాతీయజలమార్గముగా ప్రకటించిరి. 1974లో రైలుపై మూడవతరగతి యను పేరు పోయినది. 1925లో పశ్చిమగోదావరి మండలమునకు ముఖ్యపట్టణమైన ఏలూరు, 2022లో తన పేరనే ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 2018లో ప్రభుత్వము పట్టణములలో అన్న క్యాంటీనులను తెఱచి అయిదురూపాయలకు భోజనము పెట్టినది. 2019లో అవి మూతపడినవి. 2024లో మరల తెఱువబడినవి. పాతసత్రములకు పట్టిన తెగులు క్రొత్తసత్రములకును లేకపోలేదు: దాత మాఱినపుడెల్ల పొయ్యి ఆఱుట.

అన్నిటికంటె ఆలోచింపదగినది నీటి సంగతి. కొల్లేటిలో చేపలచెఱువులు పెరిగి సరస్సునీరు చెడినది. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్సారు ఒడంబడికలో చేరినది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెఱువులను ప్రభుత్వము తొలగించినది. ఇక 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున అయిదువందలకు పైబడిన జనము ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ వైద్యులు రోగుల రక్తములో సీసమును నికెలును కనుగొనిరి. ఊరివారు మొదట అనుమానముతో చూచినది తాము త్రాగు నీటిని. వేసవిలో పరాయివానికి నీరిచ్చుటయే పరమధర్మమని నమ్మిన దేశమున, ఆ నీటినే శంకించు దినము వచ్చినది. నేటి బాటసారి సీసానీటిని కొని త్రాగును. కొనలేనివాడు కుళాయిని నమ్మును.

ఈ ప్రాంతమును చూడదలచువానికి నేటికిని ఎక్కువ ధనము అక్కఱలేదు. పెదవేగికి, కామవరపుకోటకు బస్సులున్నవి. భీమడోలులో దిగినవారు ద్వారకాతిరుమల చేరవచ్చును. అచ్చట దేవస్థానపు అన్నదానము కలదు. ఏలూరి కాలువగట్టు వెంబడి ఉదయముననో సంధ్యవేళనో నడచినచో రెండు నదుల నీరు ఒక ఊరిలో కలియుట చూడవచ్చును. ఖర్చు స్వల్పము, చరిత్ర అపారము.

విహారము, సత్రము, పడవ, రైలు. ఒక్కొక్క కాలము ఒక్కొక్క నీడను కట్టినది. ఒక్కొక్కదాని వాకిట ఎవరో ఒకరు ఎండలోనే నిలిచిపోయిరి. ఎవరు లోపలికి వచ్చిరనునదానినిబట్టియే గాక, ఎవరు బయట నిలిచిరనునదానినిబట్టియు ఆ కాలమును తూచవలెను. వచ్చు వేసవిలో మన వాకిట ఒక కుండ పెట్టుదము. అందు శుభ్రమైన నీరు పోయుదము. త్రాగవచ్చినవాని ఊరు, పేరు, కులము అడుగవలెనన్న కోరిక కలిగినచో, ముందు ఆతనిని త్రాగనిత్తము.